ఎండలో, ఎత్తులో చిన్న విమానం: టేకాఫ్‌కి ముందు డెన్సిటీ ఆల్టిట్యూడ్ లెక్క ఎలా వేసుకోవాలి

వేసవి మధ్యాహ్నం, ఎత్తు మీదున్న ఎయిర్‌పోర్ట్, నాలుగు సీట్లలో నలుగురు మనుషులు, ట్యాంకుల నిండా ఫ్యూయల్. ఈ నాలుగూ ఒక్కచోట కలిసిన రోజున చిన్న విమానాలు రన్‌వే చివర కంచెలోకో, చెట్లలోకో వెళ్లిపోతుంటాయి. ఇంజన్ పాడై కాదు, పైలట్‌కి నడపడం రాక కూడా కాదు. విమానం బాగానే ఉంటుంది. రెక్కకీ, ప్రొపెల్లర్‌కీ, ఇంజన్‌కీ కావాల్సినంత గాలి అక్కడ ఉండదు.

మన పిల్లలు చాలామంది కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం అమెరికా వెళ్తున్నారు. ఫ్లోరిడాలోనో, టెక్సాస్ తీరంలోనో సముద్రమట్టానికి దగ్గరగా నేర్చుకుంటారు. తర్వాత గంటలు పెంచుకోవడానికి ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక సెస్నా 172 అద్దెకు తీసుకుని కొలరాడో, అరిజోనా, యూటా వైపు బయల్దేరతారు. తీరంలో అబ్బిన అలవాట్లు అక్కడ పనిచేయవు. ఆ సంగతి విమానం ముందుగా చెప్పదు, సగం రన్‌వే అయిపోయాక చెబుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో ఎగిరేవాళ్లకి కొండలు లేకపోయినా ఇదే లెక్క కొంత వర్తిస్తుంది. అందుకే కొలరాడో కొండల్లోని లీడ్‌విల్, హైదరాబాద్‌లోని బేగంపేట ఎయిర్‌పోర్టులు రెండింటినీ ఉదాహరణగా పెట్టుకుని రాస్తున్నాను.

ముందు విషయం అర్థం చేసుకోండి

వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది. దారులు రెండైనా ఫలితం ఒకటే: అదే చోటులో గాలి తక్కువ. ఈ రోజు ఇక్కడున్న గాలి, ప్రామాణిక వాతావరణంలో ఎన్ని అడుగుల ఎత్తులో ఉండే గాలితో సమానమో చెప్పే అంకె పేరే డెన్సిటీ ఆల్టిట్యూడ్. మీరు నేల మీదే నిలబడి ఉన్నా, విమానం మాత్రం ఆ ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

టర్బో లేని మామూలు ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి పలచబడుతుంది. రెక్కలు అదే లిఫ్ట్ (పైకి లేపే బలం) ఇవ్వాలంటే గాలిలో ఇంకా వేగంగా కదలాలి. అంటే ఎక్కువ వేగం కావాలి, ఆ వేగం తెచ్చే శక్తేమో తక్కువైంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి.

దీన్ని కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్‌లో ఏ తేడా కనిపించదు. సెస్నా 172లో ఒక రకమైన 172ఎస్‌లో 55 నాట్లకు ముక్కు ఎత్తడం అలవాటైతే, ఎత్తులో కూడా 55కే ఎత్తుతారు, అది సరైనదే. కానీ డెన్సిటీ ఆల్టిట్యూడ్ 13,000 అడుగుల దగ్గర ఉంటే, సూది 55 చూపించేసరికి అసలు వేగం 67 నాట్లు. వేగం ఐదో వంతు పెరిగితే, ఆ వేగం అందుకోవడానికి పరిగెత్తే దూరం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పైగా అది ఇంజన్ బలం తగ్గకపోతే వచ్చే లెక్క. 180 హార్స్‌పవర్ ఇంజన్‌లో అక్కడ మిగిలేది 115 దగ్గర. అందుకే ఈ లెక్క సీట్లో కూర్చున్నాక వేసేది కాదు. బయల్దేరే ముందు కాగితం మీద వేయాలి.

మొదటి పని: అంకె కనుక్కోండి

రెండు మెట్లలో అయిపోతుంది.

ఒకటి, ప్రెషర్ ఆల్టిట్యూడ్. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పీడనం సెట్టింగ్‌ని 1013 హెక్టోపాస్కల్స్ మీద గానీ, అమెరికాలో అయితే 29.92 అంగుళాల మీద గానీ పెట్టి అది చూపించిన ఎత్తు రాసుకోండి. చూశాక మళ్లీ అసలు సెట్టింగ్‌కి తిప్పడం మర్చిపోవద్దు. విమానం దగ్గర లేకపోతే ఇలా చేయండి: 1013 లోంచి ఆ రోజు క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన అక్కడి గాలి పీడనం) తీసేసి, వచ్చినదాన్ని 30తో గుణించి, ఎయిర్‌పోర్ట్ ఎత్తుకి కలపండి. అమెరికా లెక్కలో 29.92 లోంచి ఆ రోజు సెట్టింగ్ తీసేసి 1000తో గుణించాలి. తీసివేతలో మైనస్ వస్తే ఎత్తు లోంచి తగ్గించండి.

రెండు, వేడి. ఆ ఎత్తులో ప్రామాణికంగా ఉండాల్సిన ఉష్ణోగ్రత ఎంత? 15 లోంచి వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తీసేయండి. బయటి ఉష్ణోగ్రత దానికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో చూసి, ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున ప్రెషర్ ఆల్టిట్యూడ్‌కి కలపండి. అదే డెన్సిటీ ఆల్టిట్యూడ్.

బేగంపేట తీసుకుందాం. ఎత్తు దాదాపు 1,740 అడుగులు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ 1004 అనుకోండి. పీడనం తేడా 9, అంటే 270 అడుగులు. ప్రెషర్ ఆల్టిట్యూడ్ 2,010. అక్కడ ఉండాల్సింది 11 డిగ్రీలు, ఉన్నది 42, తేడా 31. దాన్ని 120తో గుణిస్తే 3,720. మొత్తం 5,730 అడుగులు. అంటే మే మధ్యాహ్నం బేగంపేటలో స్టార్ట్ చేసిన ఇంజన్, మామూలు రోజున ఎత్తు మీదున్న డెన్వర్‌లో ఉన్నదానికన్నా పలచటి గాలి పీలుస్తోంది.

ఇప్పుడు కొలరాడోలోని లీడ్‌విల్. ఎత్తు 9,934 అడుగులు. ఉత్తర అమెరికాలో ప్రజలు వాడుకునే ఎయిర్‌పోర్టులన్నింటిలోకీ ఇదే ఎత్తైనది. హెలికాప్టర్ తయారీదార్లు పలచటి గాలిలో పరీక్షలకు ఇక్కడికే వస్తారు. జులై మధ్యాహ్నం 22 డిగ్రీలు అనుకోండి. ఒంటికి హాయిగా ఉంటుంది, ఎవరికీ టెన్షన్ పుట్టదు. సెట్టింగ్ 30.12 అయితే ప్రెషర్ ఆల్టిట్యూడ్ 9,734. అక్కడ ఉండాల్సింది మైనస్ 4.5 డిగ్రీలు. తేడా 26.5. కలిపితే 12,900 అడుగులు దాటుతుంది. వేడి అంటే మనకి 40 దాటితేనే వేడి. ఎత్తులో 22 డిగ్రీలంటేనే విమానానికి మండుటెండ.

ఈ లెక్కలో తేమ లేదు. తడిగాలి పొడిగాలి కన్నా తేలిక. విశాఖ, చెన్నై, ఫ్లోరిడా లాంటి చోట్ల ఉక్కపోత రోజున 35 డిగ్రీల దగ్గర తేమ వల్లే ఇంకో 500 అడుగుల వరకు కలుస్తుంది. అలాగే ఉష్ణోగ్రత కొలిచే పరికరం నీడలో ఉంటుంది, మీరు పరిగెత్తేది ఎండకి కాగిన తారు మీద. కాబట్టి వచ్చిన అంకెని ఎప్పుడూ పై వందకి, ఇంకా మంచిది పై ఐదు వందలకి సవరించుకోండి. అమెరికాలో ఎత్తైన ఎయిర్‌పోర్టుల ఆటోమేటిక్ వెదర్ రేడియో డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ని నేరుగా చదివి వినిపిస్తుంది. వినండి, కానీ మీ కాగితం మీది అంకెతో పోల్చి చూసుకోండి.

రెండో పని: పీఓహెచ్ టేబుల్, దాని పైన మీ మార్జిన్

విమానంతో వచ్చే పీఓహెచ్ (పైలట్స్ ఆపరేటింగ్ హ్యాండ్‌బుక్) పుస్తకంలో టేకాఫ్ దూరం టేబుల్ తెరవండి. ప్రెషర్ ఆల్టిట్యూడ్, ఉష్ణోగ్రత పట్టుకుని రెండు అంకెలు తీయండి: నేల మీద పరుగు, 50 అడుగుల అడ్డంకి దాటేందుకు పట్టే మొత్తం దూరం. ఎప్పుడూ రెండోదాన్నే నమ్ముకోండి.

ఆ అంకెలు ఎలా వచ్చాయో గుర్తుంచుకోవాలి. కొత్త విమానం, మంచి ఇంజన్, కంపెనీ టెస్ట్ పైలట్, చదునైన పొడి రన్‌వే, షార్ట్ ఫీల్డ్ (చిన్న రన్‌వే నుంచి లేచే) పద్ధతి. మీరు అద్దెకు తీసుకున్న విమానం ఎన్నో వేల గంటలు తిరిగి ఉండొచ్చు. ప్రొపెల్లర్ అంచులకు గీతలు, టైర్లలో గాలి తక్కువ, గడ్డి, ఎగువ వాలు, అన్నీ దూరాన్ని పెంచేవే. సెస్నా పుస్తకం ప్రకారమే వెనక గాలి ప్రతి 2 నాట్లకు 10 శాతం పెంచుతుంది. అదే 10 శాతం తగ్గాలంటే ఎదురుగాలి 9 నాట్లు ఉండాలి.

బ్రిటన్ విమానయాన సంస్థ సీఏఏ చిన్న విమానాల కోసం ఇచ్చిన కొన్ని బండలెక్కలు నాకు బాగా నచ్చుతాయి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే టేకాఫ్ దూరం 10 శాతం, వేడి 10 డిగ్రీలు పెరిగితే 10 శాతం, బరువు 10 శాతం పెరిగితే దూరం 20 శాతం పెరుగుతుంది. వీటిని కూడకూడదు, ఒకదాని మీద ఒకటి గుణించాలి. చివరికి వచ్చినదాన్ని ఇంకోసారి 1.33తో గుణించమంటుంది. ఆ మూడో వంతు మీ ప్రాణానికి మీరు పెట్టే మార్జిన్. దాన్ని బేరమాడొద్దు.

సెస్నా 172ఎస్ నిండు బరువుతో, సముద్రమట్టంలో, 15 డిగ్రీల్లో 50 అడుగులు దాటడానికి 1,630 అడుగులు తీసుకుంటుంది. ఆ మే మధ్యాహ్నం బేగంపేటలో, పైన వచ్చిన 31 డిగ్రీల తేడా పెట్టి చూస్తే, ఈ లెక్కన అది 2,650 అవుతుంది, మార్జిన్‌తో 3,500 పైచిలుకు. పొడవైన రన్‌వే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కానీ అదే రోజు చిన్న ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేవాలంటే ఆలోచించాల్సిందే.

లీడ్‌విల్‌కి వస్తే, మొదట తెలిసేది ఏమిటంటే 172ఎస్ పుస్తకంలో టేకాఫ్ టేబుల్ 8,000 అడుగుల ప్రెషర్ ఆల్టిట్యూడ్ దగ్గరే ఆగిపోతుంది. 9,734కి అందులో గడే లేదు. టేబుల్ అయిపోయిన చోట తయారీదారు మీకు ఏ హామీ ఇవ్వడం లేదని అర్థం. నా సలహా సూటిగా చెప్తాను: కొండల్లో ఎగరడం నేర్పే అక్కడి ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా, టేబుల్ బయటి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లొద్దు. ఎందుకో బండలెక్క కూడా చెబుతుంది. నిండు బరువు, 22 డిగ్రీల మధ్యాహ్నానికి 5,300 అడుగులు వస్తుంది. మార్జిన్ కలిపితే 7,000 దాటుతుంది. లీడ్‌విల్ రన్‌వే 6,400 అడుగులు.

మూడో పని: బరువు దించండి

ఎండని మీరు తగ్గించలేరు, కొండని దించలేరు. మీ చేతిలో ఉన్నవి బరువు, సమయం రెండే.

172ఎస్ గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. ఖాళీ విమానమే చాలావాటికి 1,700కి అటూఇటూ ఉంటుంది. వాడుకోగల ఫ్యూయల్ 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318 పౌండ్లు. ట్యాంకులు నింపాక మనుషులకీ సామానుకీ కలిపి మిగిలేది దాదాపు 240 కిలోలు. నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు పెద్దవాళ్లు ఎక్కే విమానం కాదది. మీ విమానం అసలు ఖాళీ బరువు దాని పత్రాల్లో ఉంటుంది, అదే వాడండి.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. గరిష్ఠ బరువు లోపలే ఉన్నాం కాబట్టి పర్లేదు అనుకోవడం ఎత్తులో పనికిరాదు. ఆ పరిమితి విమానం పత్రంలో ఉన్నది. ఆ రోజు ఆ గాలి మోయగల బరువు వేరే, అది చాలాసార్లు అంతకన్నా తక్కువే. స్నేహితుడిని దింపేయాల్సి రావచ్చు. మొహమాటపడకండి. ఒకర్ని దగ్గర్లోని కింది ఎయిర్‌పోర్ట్‌కి రోడ్డు మీద రమ్మనడమో, రెండు ట్రిప్పులు వేయడమో చేయొచ్చు. బ్యాగుల్ని కార్లో పంపండి. ఫ్యూయల్‌ని గమ్యానికి, రిజర్వ్‌కి సరిపడా తీసుకుని, తర్వాత ఎత్తు తక్కువున్న చోట ఆగి నింపుకోండి. ఫ్యూయల్ తగ్గించడమంటే రిజర్వ్‌ని తినేయడం కాదు, మధ్యలో ఒక స్టాప్ పెంచుకోవడం.

నాలుగో పని: గడియారం చూసుకోండి

ఇంతకన్నా చౌకైన మందు ఇంకోటి లేదు. లీడ్‌విల్‌లో అదే రోజు పొద్దున్నే 6 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 11,000 దగ్గరే ఉంటుంది, మధ్యాహ్నం కన్నా దాదాపు 1,900 అడుగులు తక్కువ. బరువు కూడా పదో వంతు దించారనుకోండి. బండలెక్కలో దూరం 3,800కి, మార్జిన్‌తో 5,050కి దిగుతుంది. రన్‌వే అదే, విమానం అదే, పైలట్ అతనే. మారింది లేచిన వేళ, దింపిన బరువు.

పొద్దున బయల్దేరితే గాలి నిలకడగా ఉంటుంది. పది దాటాక కొండవాలుల మీద ఎండ కాసి గాలి ఎగసిపడటం మొదలవుతుంది. కొలరాడో వేసవిలో మధ్యాహ్నం ఉరుములు మామూలే. తెల్లారి లేచి పది లోపు దిగిపోయేలా ప్లాన్ చేసుకోండి. అది కుదరకపోతే సాయంత్రం చల్లబడేదాకా ఆగండి, లేదా రేపు వెళ్లండి.

పెద్ద విమానాలూ ఆగుతాయి. 2017 జూన్ 20న ఫీనిక్స్‌లో ఉష్ణోగ్రత 119 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరింది, అంటే 48 సెల్సియస్ పైన. అక్కడ తిరిగే సీఆర్‌జే రకం చిన్న జెట్లకు పరిమితి 118. పదుల కొద్దీ ఫ్లైట్లు రద్దయ్యాయి. ఎయిర్‌లైన్‌లో ఆపడానికి నేల మీద లెక్కలు చూసే డిస్పాచర్ ఉంటాడు, నియమం ఉంటుంది. అద్దె సెస్నాకి ఆ డిస్పాచర్ కూడా మీరే.

ఐదో పని: మిక్స్చర్ సరిచేయండి

తీరంలో నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. టేకాఫ్ అంటే మిక్స్చర్, అంటే గాలిలో కలిసే ఫ్యూయల్ పాళ్లు మార్చే ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి అని చేతికి అలవాటై ఉంటుంది. పలచటి గాలికి అంత ఫ్యూయల్ పోస్తే అది సరిగ్గా మండదు. ఇంజన్ గరగరమంటుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, అసలే తగ్గిన శక్తి ఇంకా తగ్గుతుంది. 172 పుస్తకం 3,000 అడుగులు దాటిన ఎయిర్‌పోర్టుల్లో టేకాఫ్‌కి ముందే లీన్ చేయమంటుంది, అంటే ఫ్యూయల్ పాళ్లు తగ్గించమంటుంది.

చేసే పద్ధతి ఇది. రనప్ (టేకాఫ్‌కి ముందు ఇంజన్ పరీక్ష) చేసే చోట, రాళ్లు లేని నేల మీద, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి బ్రేకులు గట్టిగా నొక్కండి. థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఎర్ర నాబ్‌ని తిప్పుతూ, చాలా నెమ్మదిగా బయటికి లాగండి. ఆర్‌పీఎమ్ సూది మీదే కన్నుండాలి. నాబ్ బయటికి వచ్చేకొద్దీ సూది పైకి పాకుతుంది, శబ్దం నున్నబడుతుంది. ఒక చోట ఆగి, ఇంకాస్త లాగితే పడిపోవడం మొదలవుతుంది. పడటం మొదలవగానే ఆపి, మళ్లీ లోపలికి తిప్పి పై అంకె దగ్గరికి తెచ్చి, ఇంకో చిటికెడు లోపలికి తోయండి. ఆ చిటికెడు ఇంజన్ చల్లగా ఉండటానికి. ఆర్‌పీఎమ్ పుస్తకంలో చెప్పిన దానికన్నా తక్కువే ఉంటే, ఆ రోజు వెళ్లేది లేదు. టర్బో ఇంజన్‌కీ, వేరియబుల్ పిచ్ ప్రొపెల్లర్‌కీ పద్ధతి వేరు, వాటి పుస్తకం చూడండి.

మేలో హైదరాబాద్‌లో? ఎత్తు 3,000 లోపే, కానీ డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,700. పుస్తకంలో రాసింది ఎయిర్‌పోర్ట్ ఎత్తు గురించి. వేడి గాలిలో మరీ లీన్ చేస్తే ఇంజన్ ఉడికిపోతుంది కూడా. ఇక్కడ మీ స్కూల్ చెక్‌లిస్ట్ ఏం చెబితే అదే చేయండి, సొంత ప్రయోగాలు వద్దు.

ఆరో పని: ఎక్కడ ఆపేస్తారో ముందే గుర్తు పెట్టండి

రన్‌వే ఎక్కేముందు సగం దూరం ఎక్కడొస్తుందో ఒక గుర్తు చూసుకోండి. ఒక టాక్సీవే, గాలిసంచి, హ్యాంగర్ మూల, ఏదైనా సరే. ఆ గుర్తు దగ్గరికి వచ్చేసరికి లేచే వేగంలో 70 శాతం రావాలి. 55కి 70 శాతమంటే 39 నాట్లు. వేగం రెట్టింపవ్వాలంటే దూరం నాలుగింతలు కావాలి కాబట్టి, సగం దూరంలో 70 శాతం వస్తే మిగతా సగంలో మిగతాది వస్తుంది. రాలేదా? థ్రాటిల్ వెనక్కి లాగి బ్రేక్ వేయండి. ఆ అంకెని గట్టిగా పైకి చెప్పుకుని మరీ పరుగు మొదలుపెట్టండి, పక్కనున్నవాళ్లకీ చెప్పండి. అప్పటికప్పుడు ఆలోచిద్దాం అనుకుంటే ఎవరూ ఆపరు. ఇంకొంచెం చూద్దాం అనిపిస్తుంది, ఆ ఇంకొంచెంలో రన్‌వే అయిపోతుంది.

ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) పుస్తకంలో చెప్పినంతే. 172ఎస్ షార్ట్ ఫీల్డ్‌కి 10 డిగ్రీలు. ఎక్కువ దించితే త్వరగా లేచినట్టు అనిపిస్తుంది, తర్వాత ఎక్కదు.

నేల వదిలాక రెక్కల పొడవంత ఎత్తు లోపల గ్రౌండ్ ఎఫెక్ట్ ఉంటుంది. అక్కడ డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) తక్కువ, అందుకని విమానం తన శక్తికి మించి గాల్లో నిలబడగలదు. తొందరపడి ముక్కు ఎత్తితే లేస్తుంది, అక్కడే వేలాడుతుంది, పైకి పోదు, వేగం పెరగదు. చెట్లు దగ్గరపడుతుంటాయి, చేయి ముక్కుని ఇంకా లాగాలని చూస్తుంది. లాగితే స్టాల్, అంటే రెక్క లిఫ్ట్ కోల్పోయి విమానం పడిపోతుంది. చేయాల్సింది దానికి వ్యతిరేకం: ముక్కు కాస్త దించి, నేలకి దగ్గరగానే వేగం పెంచుకుని, పుస్తకంలోని క్లైంబ్ స్పీడ్ వచ్చాకే ఎక్కడం.

2012 జూన్ 30న ఐడహోలోని బ్రూస్ మెడోస్ ఎయిర్‌స్ట్రిప్ దగ్గర జరిగింది ఇదే. ఎత్తు 6,370 అడుగులు, ఆ మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్ దాదాపు 9,200. నలుగురితో ఉన్న స్టిన్సన్ 108 చాలా దూరం పరిగెత్తి లేచింది. లేచింది గానీ ఎక్కలేకపోయింది, చివరికి చెట్లలో పడింది. నలుగురూ బతికారు, పైలట్ బాగా గాయపడ్డాడు. లోపలి కెమెరా తీసిన వీడియో ప్రపంచమంతా చూసింది. మీ విద్యార్థి స్నేహితులకి కూడా చూపించండి. ఇంజన్ శబ్దంలో ఏ తేడా ఉండదు, చెట్ల కొసలు మాత్రం కిటికీ అంచు నుంచి కిందికి దిగవు.

ఏడో పని: ఎక్కడం ఎంతో లెక్క కట్టండి

172ఎస్ సముద్రమట్టంలో నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది. 14,000 అడుగుల దగ్గర సర్వీస్ సీలింగ్, అంటే అక్కడ నిమిషానికి 100 మాత్రమే. మధ్యలో సుమారుగా వెయ్యి అడుగులకు 45 చొప్పున తగ్గుతుందనుకోవచ్చు. బేగంపేట మే మధ్యాహ్నంలో 470. లీడ్‌విల్ మధ్యాహ్నంలో 150. అది కూడా నిండు బరువుతో, గాలి కదలకుండా ఉంటే.

కొండలున్న చోట నిమిషానికి ఎన్ని అడుగులన్నది కాదు ముఖ్యం, మైలుకి ఎన్ని అన్నది. ఆ 150 అడుగుల క్లైంబ్‌లో అసలు వేగం 88 నాట్ల దాకా ఉంటుంది, నిమిషానికి మైలున్నర. అంటే నాటికల్ మైలుకి 100 అడుగులు. సముద్రమట్టంలో అదే విమానం మైలుకి దాదాపు 600 ఎక్కేది. లీడ్‌విల్‌కి నైరుతిలో దగ్గరే 14,400 అడుగులు దాటిన మౌంట్ ఎల్బర్ట్ ఉంది. అంచు దాటి కిందికి జారే గాలి నిమిషానికి 500 అడుగులు లాగినా, మీ 150 దాని ముందు ఎటూ చాలదు. మ్యాప్ మీద ముందే చూసుకుని, లేవగానే నేల దిగువగా పోయే లోయ వైపు తిరగండి. ఎత్తు కావాలంటే ఎయిర్‌పోర్ట్ మీదే చుట్లు తిరిగి సంపాదించుకోండి.

కొండ అంచు దాటేటప్పుడు కనీసం వెయ్యి అడుగులు, కుదిరితే రెండు వేలు పైన ఉండండి. నేరుగా కాకుండా 45 డిగ్రీల కోణంలో వెళ్తే, వద్దనుకున్నప్పుడు చిన్న మలుపుతో వెనక్కి రావచ్చు. అంచు మీద గాలి 25 నాట్లు దాటితే చిన్న విమానంతో వెళ్లొద్దు. లోయలో మలుపుకి పట్టే చోటు కూడా పెరుగుతుంది. విమానం పక్కకి అంతే వంచి (అదే బ్యాంక్‌తో) తిరిగినా, లీడ్‌విల్ మధ్యాహ్నంలో మలుపు వ్యాసార్థం దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఆయిల్ టెంపరేచర్ కూడా చూస్తుండండి. పలచటి వేడి గాలి ఇంజన్‌ని సరిగ్గా చల్లార్చదు. ముక్కు కొంచెం దించి వేగం పెంచితే గాలి ఎక్కువ తగులుతుంది. మీ ఒంటి సంగతీ అంతే: నీళ్లు తాగండి. అమెరికా నియమం 12,500 అడుగుల పైన అరగంట దాటితే పైలట్‌కి ఆక్సిజన్ తప్పనిసరి చేస్తుంది. తలనొప్పి, బద్ధకం అంతకన్నా ముందే మొదలవ్వచ్చు.

దిగేటప్పుడు

అప్రోచ్ వేగం సూది మీద ఎప్పుడూ ఉండేదే, 65 అయితే 65. కానీ లీడ్‌విల్‌లో అది అసలు 79 నాట్లు. నేల మరీ వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. వేగం తగ్గించాలనిపిస్తుంది. తగ్గించొద్దు, సూదినే నమ్మండి. నేల తాకకుండా ముందుకి తేలుతూ పోతుంది (ఫ్లోట్ అవుతుంది), పరుగు పొడవవుతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. పీఓహెచ్‌లో ల్యాండింగ్ దూరం టేబుల్ కూడా పొద్దుటే చదివి పెట్టుకోండి.

చెక్‌లిస్ట్‌లో మిక్స్చర్ రిచ్ అని ఉంటుంది. ఎత్తులో దిగేటప్పుడు పూర్తిగా లోపలికి తోస్తే, గో-అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) అవసరమైనప్పుడు ఇంజన్ పూర్తి శక్తి ఇవ్వదు. ఆ ఎత్తుకి సరిపడా లీన్‌గానే ఉంచండి. గో-అరౌండ్ నిర్ణయం కూడా మామూలు కన్నా ముందే తీసుకోండి. ఫ్లాప్స్ నిండా దించి, నిమిషానికి 150 అడుగులు ఎక్కే విమానంతో చివరి క్షణంలో లేవడం కుదరదు.

దిగాక కూడా జాగ్రత్త కావాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా దిగుతారు. ఫ్యూయల్ ట్రక్ వాళ్లు అడిగితే, అలవాటుగా టాప్ చేయమంటారు. ఊళ్లోకి వెళ్లి తిని, ఫొటోలు దిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఇప్పుడు విమానం పొద్దుటి కన్నా బరువు, గాలి పొద్దుటి కన్నా పలచన. ఫ్యూయల్ ఎంత పోయించుకోవాలో ట్రక్ వచ్చేముందే, తిరిగి బయల్దేరే వేళ ఉష్ణోగ్రతతో లెక్క వేసి రాసుకోండి. ఎక్కువ పోసేస్తే తీయించడం కష్టం. అలా జరిగిపోతే సాయంత్రం చల్లబడేదాకా అక్కడే ఉండండి, ఆ రాత్రికి గది కూడా చూసుకోండి. అద్దె స్కూల్‌కి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెబితే సరిపోతుంది.